నైరోబీ నుంచి జొహానెస్‌బర్గ్‌కు: దూరం, విమానయాన కాలం

రెండు నగరాల మధ్య దూరమెంత అన్న ప్రశ్న చూడడానికి చాలా చిన్నది. కానీ దూరం అనే మాటకు మనం ఏ అర్థం చెప్పుకుంటున్నామో ముందుగా తేల్చుకోకపోతే ఆ ప్రశ్నకు వచ్చే జవాబు అంకెగానే మిగులుతుంది తప్ప జ్ఞానం కాదు. కెన్యా రాజధాని నైరోబీనీ, దక్షిణాఫ్రికాలో అతిపెద్ద నగరమైన జొహానెస్‌బర్గ్‌నూ ఉదాహరణగా తీసుకుందాం. భూగోళం మీద కొలిస్తే ఈ రెంటి నడుమ ఉన్నది సుమారు 2,900 కిలోమీటర్లు. రోడ్డున పోయేవారికి అది నాలుగు వేల చుట్టుపక్కల ఉంటుంది. విమానం నిజంగా ఎగిరే దారి ఈ రెంటికీ చెందని మూడో అంకె. మూడూ సత్యాలే, ఎందుకంటే మూడూ వేర్వేరు ప్రశ్నలకు సమాధానాలు. ప్రయాణ కాలం సంగతీ ఇంతే.

కనుక నిర్వచనాలతో మొదలుపెడదాం. గోళం కేంద్రం గుండా పోయే తలం ఆ గోళాన్ని ఖండించినప్పుడు ఉపరితలంపై ఏర్పడే వృత్తాన్ని మహావృత్తం అంటారు. కేంద్రం గుండా పోని తలం వల్ల ఏర్పడేది అల్పవృత్తం. భూమధ్యరేఖ మహావృత్తం, తక్కిన అక్షాంశ వృత్తాలన్నీ అల్పవృత్తాలు, రేఖాంశాలన్నీ మహావృత్తాలలో సగభాగాలు. గోళంపై ఏ రెండు బిందువులను తీసుకున్నా వాటిని కలిపే దారులన్నిటిలోకీ పొట్టిది వాటి గుండా పోయే మహావృత్తంలోని చిన్న చాపమే. ఈ చాపం పొడవును మహావృత్త దూరం అంటాం. నేలమీద మనుషులు వేసుకున్న దారుల పొడవు మార్గ దూరం. విమానం నిర్దేశిత వాయుమార్గాల వెంట మలుపులు తిరుగుతూ వాస్తవంగా గడిచే పొడవు యాన దూరం. ఈ మూడు మాటలనూ పాఠకులు విడివిడిగా గుర్తు పెట్టుకోవాలని మనవి.

ఆఫ్రికా నగరాల మధ్య దూరం అనగానే శాస్త్రచరిత్ర తెలిసినవారికి మరో జంట నగరాలు గుర్తుకు రాక మానవు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి అధిపతిగా ఉన్న ఎరటోస్తనీస్ భూమి చుట్టుకొలతను లెక్కకట్టింది ఆఫ్రికా నేల మీదే. నేడు అస్వాన్ అని పిలిచే సయీనీ నగరం దాదాపు కర్కటరేఖపై ఉంది. అక్కడ గ్రీష్మ అయనాంతం నాటి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నిలువు బావిలో అడుగుదాకా వెలుగు పడుతుంది. అదే వేళకు అలెగ్జాండ్రియాలో నిలువు కర్ర నీడ వేస్తుంది. ఆ నీడ సూచించిన కోణం వృత్తంలో యాభయ్యో వంతు, అంటే 7.2 డిగ్రీలు. రెండు నగరాల మధ్య దూరం 5,000 స్టేడియాలని అప్పటి లెక్క. దానిని యాభైతో గుణిస్తే భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలు. సయీనీ అలెగ్జాండ్రియాకు సరిగ్గా దక్షిణాన లేదు, మూడు డిగ్రీలు తూర్పుకు జరిగి ఉంది. స్టేడియం అనే కొలమానం నేటి లెక్కలో ఎంతో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అయినా ఆ ఆలోచన గొప్పతనం తగ్గలేదు. దూరాన్ని కోణంతో ముడిపెట్టవచ్చునన్న సూత్రానికి గొప్ప పరీక్ష అక్కడే జరిగింది. ఈనాడు నైరోబీ–జొహానెస్‌బర్గ్ దూరాన్ని లెక్కించే గణకయంత్రం చేసేదీ ఆ పనే, కాకపోతే వ్యతిరేక దిశలో: ఎరటోస్తనీస్ దూరమూ కోణమూ తెలిసి భూమి పరిమాణాన్ని రాబట్టాడు, మనం భూమి పరిమాణమూ కోణమూ తెలిసి దూరాన్ని రాబడుతున్నాం.

ఈ సూత్రానికి ఆఫ్రికాలోనే రెండో గొప్ప పరీక్ష జరిగింది. 1752లో ఫ్రెంచి ఖగోళవేత్త లాకాయ్, గుడ్‌హోప్ అగ్రం దగ్గర ఒక రేఖాంశ చాపాన్ని కొలిచాడు. భూమి దక్షిణార్ధగోళం ఉత్తరార్ధగోళానికి భిన్నమైన ఆకారంలో ఉందేమోనన్న అనుమానం ఆ ఫలితంతో పుట్టి, అనేక దశాబ్దాలు శాస్త్రజ్ఞులను వేధించింది. ఆ చిక్కుముడిని విప్పడానికి దారి చూపిన వ్యక్తికి మన నేలతో సంబంధం ఉంది. జార్జ్ ఎవరెస్ట్ 1818 చివర హైదరాబాదు చేరి, మహా త్రికోణమితీయ సర్వే అనే భారతదేశ భూకొలత పనిలో దాని అధిపతి లాంబ్టన్‌కు సహాయకుడయ్యాడు. కృష్ణా గోదావరుల నడుమ అడవులలో కొలతలు తీస్తూ విషజ్వరం పాలయ్యాడు. కోలుకోవడానికి అతణ్ణి 1820లో గుడ్‌హోప్ అగ్రానికి పంపారు. విశ్రాంతికి వెళ్లినవాడు విశ్రాంతి తీసుకోలేదు. లాకాయ్ కొలతల స్థలాలను స్వయంగా చూసి, దగ్గరి పర్వతాల ద్రవ్యరాశి లంబసూత్రాన్ని తనవైపు లాగి ఉండాలని, తప్పు భూమి ఆకారంలో లేదని, నిలువును నిర్ణయించిన గుండులో ఉందని సూచించాడు. తాపీమేస్త్రీ గోడ నిలువు చూసుకునే గుండు లాంటిదే ఇదీ. పక్కన పెద్ద కొండ ఉంటే ఆ గుండు అణుమాత్రం ఒరుగుతుంది, ఆ అణుమాత్రమే భూమి కొలతలో వందల మీటర్ల తేడాగా తేలుతుంది. తరువాత 1840 దశకంలో ఖగోళవేత్త మెక్లియర్ ఆ చాపాన్ని తిరిగి కొలిచి ఈ అనుమానాన్ని తీర్చాడు. 1879లో మరో ఖగోళవేత్త డేవిడ్ గిల్ మరింత సాహసోపేతమైన ప్రతిపాదన చేశాడు: 30వ తూర్పు రేఖాంశం వెంట ఖండం దక్షిణపు కొస నుంచి కైరో దాకా త్రికోణాల గొలుసును అల్లాలన్నది ఆ ప్రతిపాదన. అడవులు, ఎడారులు, యుద్ధాలు దాటుకుంటూ ఆ గొలుసు 1954 నాటికి పూర్తయింది. నైరోబీ–జొహానెస్‌బర్గ్ విమానం ఈ చాపానికి తూర్పున మొదలై, దారిలో దానిని దాటుతుంది.

ఇక లెక్కకు వద్దాం. నైరోబీలోని జోమో కెన్యాటా విమానాశ్రయం సుమారు 1.32 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 36.93 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. జొహానెస్‌బర్గ్‌లోని ఓ.ఆర్. టాంబో విమానాశ్రయం సుమారు 26.13 డిగ్రీల దక్షిణ అక్షాంశం, 28.24 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్ద ఉంది. రేఖాంశాల తేడా 8.69 డిగ్రీలు. గోళీయ త్రికోణమితి సూత్రం ఇలా చెబుతుంది: రెండు అక్షాంశాల జ్యల లబ్ధానికి, ఆ అక్షాంశాల కోటిజ్యలనూ రేఖాంశ భేదపు కోటిజ్యనూ గుణించగా వచ్చిన లబ్ధాన్ని కలిపితే కేంద్రకోణపు కోటిజ్య లభిస్తుంది. మొదటి లబ్ధం 0.0101, రెండోది 0.8873, మొత్తం 0.8974. ఏ కోణపు కోటిజ్య 0.8974 అని వెతికితే 26.18 డిగ్రీలు దొరుకుతుంది. సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్ల గోళంపై ఒక డిగ్రీ చాపం 111.2 కిలోమీటర్లు కనుక మహావృత్త దూరం సుమారు 2,911 కిలోమీటర్లు. పదో తరగతి త్రికోణమితి వచ్చిన విద్యార్థి ఎవరైనా పావుగంటలో చేయగల లెక్క ఇది. మరీ దగ్గరి ఊళ్లకు కోటిజ్య విలువ ఒకటికి బాగా దగ్గరై దశాంశాలు చాలక తప్పులు దొర్లుతాయి కనుక నావికులు ఉత్క్రమజ్యలో సగాన్ని ఆధారం చేసుకున్న మరో సూత్రాన్ని వాడేవారు. ఉత్క్రమజ్య అంటే ఒకటిలోంచి కోటిజ్యను తీసివేయగా మిగిలేది. జ్య, కోటిజ్య, ఉత్క్రమజ్య అనే ఈ పేర్లు మన ప్రాచీన జ్యోతిర్గణితం నాటివి. మన పాఠ్యపుస్తకాలలో వీటికి చోటు తగ్గిపోవడం విచారకరం.

అయితే భూమి శుద్ధగోళం కాదు. ధ్రువాల వద్ద కొంచెం నొక్కుకుపోయిన గోళాభం. భూమధ్యరేఖ వద్ద వ్యాసార్ధం 6,378.137 కిలోమీటర్లు కాగా ధ్రువాల వద్ద 6,356.752. అందువల్ల అక్షాంశంలో ఒక డిగ్రీ జరిగితే గడిచే దూరం అన్నిచోట్లా ఒకటి కాదు: భూమధ్యరేఖ దగ్గర 110.57 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 111.69. మధ్యలో ఉబ్బిన చోట వ్యాసార్ధం ఎక్కువ కదా, డిగ్రీ కూడా పొడవుగా ఉండాలి కదా అని తోస్తుంది. ఇక్కడ కాస్త నిలిచి ఆలోచించాలి. అక్షాంశ డిగ్రీ పొడవును నిర్ణయించేది భూకేంద్రం నుంచి ఉన్న దూరం కాదు, ఉత్తర దక్షిణ దిశలో ఉపరితలం ఎంత వేగంగా వంగుతోందన్నది. ఉబ్బిన చోట ఆ వంపు ఎక్కువ, కనుక నిలువు దిశ ఒక డిగ్రీ మారడానికి తక్కువ నడక చాలు. నొక్కుకుపోయిన చోట వంపు తక్కువ, ఎక్కువ దూరం నడిస్తే తప్ప డిగ్రీ మారదు. మన రెండు నగరాలూ భూమధ్యరేఖకు దగ్గరి అక్షాంశాలలో, ఎక్కువగా ఉత్తర దక్షిణ దిశలో అమరి ఉన్నాయి. అందుచేత గోళాభంపై లెక్కిస్తే దూరం పది పన్నెండు కిలోమీటర్లు తగ్గి, 2,900 దగ్గరికి వస్తుంది. పుస్తకానికీ పుస్తకానికీ మధ్య కనిపించే చిన్న తేడాలకు ఒక కారణం ఇదే. రచయితల అజాగ్రత్త అన్నిసార్లూ కాదు.

మన మహావృత్త చాపం ఏ దిక్కుగా సాగుతుంది? బయలుదేరేటప్పుడు దాని దిశ ఉత్తరం నుంచి సవ్యంగా కొలిస్తే 198 డిగ్రీలు, అంటే దక్షిణానికి కొద్దిగా పడమర. గమ్యం చేరేసరికి 200 డిగ్రీలు. మొత్తం దారిలో దిక్కు మారింది రెండు డిగ్రీలే. దిక్సూచి చూపే దిశను మార్చకుండా పోతే ఏర్పడే రేఖను సమదిశా రేఖ అంటారు. మెర్కేటర్ పటంలో గీతబద్దతో గీసిన సరళరేఖ ఇదే. ఉత్తర అక్షాంశాలలో, ఉదాహరణకు ఐరోపా నుంచి ఉత్తర అమెరికాకు పోయే దారిలో, ఈ రేఖకూ మహావృత్తానికీ ఎంతో తేడా ఉంటుంది. ఆఫ్రికా భూమధ్యరేఖకు ఇరువైపులా సమంగా పరుచుకున్న ఖండం కావడంతో ఇక్కడ రెండూ దాదాపు ఒకటైపోతాయి. అదే మెర్కేటర్ పటం ఆఫ్రికాకు మరో విధంగా అన్యాయం చేస్తుంది. భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ భూభాగాలను ఉబ్బించి చూపడం దాని స్వభావం కనుక గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది; నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు పెద్దది. ఆ పటాన్ని చూసి పెరిగిన విద్యార్థికి నైరోబీ, జొహానెస్‌బర్గ్ ఇరుగుపొరుగు ఊళ్లుగా తోచడంలో ఆశ్చర్యం లేదు. తరగతి గోడకు పటం ఒక్కటే ఉండి, బల్ల మీద గ్లోబు లేని పాఠశాలలో భూగోళశాస్త్రం సగమే చెప్పినట్లు.

మహావృత్తం వెంట కింద ఏముందో చూద్దాం. నైరోబీ వదలిన కాసేపటికే కెన్యా సరిహద్దు దాటి టాంజానియాలో ప్రవేశిస్తాం. ఆకాశం నిర్మలంగా ఉంటే ఎడమవైపు కిటికీలోంచి, వంద కిలోమీటర్లకు కాస్త ఎక్కువ దూరంలో, 5,895 మీటర్ల కిలిమంజారో శిఖరం మేఘాల మీద తేలుతున్నట్లు కనిపించాలి. తరువాత మలావీ సరస్సు ఉత్తరపు కొస వస్తుంది. దారికి సరిగ్గా సగం మలావీ, జాంబియాల సరిహద్దు దగ్గర పడుతుంది. అక్కడి నుంచి మొజాంబిక్‌లో జాంబెజీ నదికి కట్టిన కహోరా బాస్సా జలాశయం, జింబాబ్వేలో హరారే పరిసరాలు, చివరకు లింపోపో నది దాటితే దక్షిణాఫ్రికా. ఏడు దేశాల గగనతలాలు. ప్రతి దేశమూ తన గగనతలంలో ఎగిరే విమానాలను తానే నియంత్రిస్తుంది; విమానం ఒక నియంత్రణ కేంద్రం చేతిలోంచి మరో కేంద్రం చేతిలోకి మారుతూ పోతుంది. నిర్దేశిత బిందువుల గుండా సాగడం, తుఫాను మేఘాలను తప్పుకోవడం, రన్‌వే దిశకు అనుగుణంగా చుట్టు తిరిగి దిగడం, వీటన్నిటివల్ల యాన దూరం మహావృత్త దూరం కంటే కొన్ని పదుల కిలోమీటర్లు పెరుగుతుంది. ఎత్తుకు కూడా నియమం ఉంది. అయస్కాంత దిశ 0 నుంచి 179 డిగ్రీల మధ్య ఉన్న విమానాలు బేసి వేల అడుగుల ఎత్తులలోనూ, 180 నుంచి 359 మధ్య ఉన్నవి సరి వేల అడుగుల ఎత్తులలోనూ ఎగరాలి. కనుక సాధారణంగా జొహానెస్‌బర్గ్‌కు పోయే విమానం 34,000 లేదా 36,000 అడుగులలో, తిరిగి వచ్చేది 35,000 లేదా 37,000 అడుగులలో సాగుతాయి. ఎదురెదురుగా వచ్చే రెండు విమానాల మధ్య వెయ్యి అడుగుల అంతరాన్ని నిలిపేది ఈ చిన్న నియమమే.

ఇప్పుడు కాలం. దీనికీ నిర్వచనాలు అవసరం. చక్రాలు నేల విడిచిన క్షణం నుంచి తిరిగి నేల తాకిన క్షణం వరకూ గడిచేది గగన కాలం. నిలిపి ఉంచిన విమానం చక్రాలకు ముందూ వెనుకా అడ్డుదిమ్మలు పెడతారు. ఆ దిమ్మలు తీసి విమానం కదిలినప్పటి నుంచి, గమ్యంలో ఆగి మళ్లీ దిమ్మలు పడేదాకా గడిచేది బ్లాక్ కాలం. టికెట్టు మీదా, కాలపట్టికలోనూ ముద్రించేది రెండోదే. ఇల్లు వదిలిన దగ్గర్నుంచి బస చేరేదాకా పట్టేది ప్రయాణ కాలం. దీనికి శాస్త్రం హామీ ఇవ్వలేదు.

గగన కాలాన్ని అంచనా వేయాలంటే వేగం తెలియాలి. వేగానికీ భేదాలున్నాయి. చుట్టూ ఉన్న గాలితో పోల్చినప్పుడు విమానం కదిలే వేగం వాయుసాపేక్ష వేగం. నేలతో పోల్చినప్పుడు కదిలేది భూసాపేక్ష వేగం. వాయుసాపేక్ష వేగానికీ ఆ గాలిలో ధ్వని వేగానికీ ఉన్న నిష్పత్తి మాక్ సంఖ్య. ఈ దారిలో తిరిగే మధ్యతరహా జెట్ విమానాలు ఇంచుమించు 0.78 మాక్ వద్ద సాగుతాయి. ధ్వని వేగం ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ప్రామాణిక వాతావరణంలో 11 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత −56.5 డిగ్రీల సెల్సియస్. అక్కడ ధ్వని వేగం గంటకు 1,062 కిలోమీటర్లు. ఉష్ణమండలంలో, పైకి పోయేకొద్దీ గాలి చల్లబడడం ఆగిపోయే పరివర్తన సీమ 16, 17 కిలోమీటర్ల ఎత్తుకు పోవడం వల్ల అదే 11 కిలోమీటర్ల వద్ద గాలి అంత చల్లగా ఉండదు. −42 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అప్పుడు ధ్వని వేగం 1,097కు పెరుగుతుంది. అంటే ఒకే మాక్ సంఖ్యతో ఎగిరినా విమానం వేగం గంటకు 828 నుంచి 855 కిలోమీటర్లకు చేరుతుందన్నమాట. మండే నేల మీది ఆకాశం ప్రయాణికుడికి చేసే మేలు ఇది.

గాలి ఈ లెక్కను సవరిస్తుంది. విమాన దిశలోని గాలి తోడుగాలి, వ్యతిరేక దిశలోనిది ఎదురుగాలి, పక్క నుంచి కొట్టేది అడ్డగాలి. భూమధ్యరేఖ దగ్గర పై గాలులు సాధారణంగా నెమ్మదిగా ఉంటాయి. జొహానెస్‌బర్గ్ అక్షాంశాలు చేరేసరికి, ముఖ్యంగా అక్కడి చలికాలమైన జూన్, జూలై నెలల్లో, పడమటి గాలులు బలపడతాయి. దారి పొడవునా సగటున గంటకు 50 కిలోమీటర్ల పడమటి గాలి ఉందనుకుందాం. విమానం 198 డిగ్రీల దిశలో పోతుంది కనుక ఆ గాలిలో మూడో వంతుకు కాస్త తక్కువ, అంటే 15 కిలోమీటర్లు, ఎదురుగాలిగా పనిచేస్తుంది, మిగతాది అడ్డగాలి. అడ్డగాలికి కొట్టుకుపోకుండా ఉండేందుకు విమానం తన ముక్కును కొంచెం గాలివైపు తిప్పి ఏటవాలుగా సాగుతుంది. ఏటికి అడ్డంగా పడవ నడిపేవాడు అవతలి రేవుకు నేరుగా చేరాలంటే పడవను ఎగువకు తిప్పి పట్టడం గోదావరి తీరాన ఎవరైనా చూసిందే. తిరుగు ప్రయాణంలో అదే 15 కిలోమీటర్లు తోడుగాలి అవుతుంది. అయితే పోయేటప్పటి నష్టం వచ్చేటప్పటి లాభంతో సరిపోదు. గంటకు 50 కిలోమీటర్ల శుద్ధ ఎదురుగాలి, తిరుగులో అంతే తోడుగాలి ఉన్నాయనుకుని 2,900 కిలోమీటర్లకు 830 వేగంతో లెక్కించి చూడండి: నిశ్చలమైన గాలిలో కంటే మొత్తం మీద నిమిషంన్నర ఎక్కువే పడుతుంది. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు గడుపుతుంది, తోడుగాలిలో తక్కువసేపు గడుపుతుంది. అందుకే ఈ నష్టం.

తూర్పు పడమరల దారులలో కథ వేరు. 1958లో భారత వాతావరణ శాస్త్రవేత్త పి. కోటేశ్వరం ఉష్ణమండల ప్రాగ్వాయు జెట్ ప్రవాహాన్ని సవివరంగా వర్ణించాడు. రుతుపవన కాలంలో దక్షిణ భారత ద్వీపకల్పం మీద, 13 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు నుంచి పడమరకు వీచే ఈ మహాప్రవాహం అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా మీదుగా ఖండం పడమటి భాగాల దాకా సాగుతుంది. మన పొలాల మీద వాన కురిపించే వ్యవస్థలోనే భాగమైన గాలి ఆడిస్ అబాబా నుంచి పడమటి ఆఫ్రికా తీరానికి పోయే విమానానికి తోడుగాలి అవుతోందన్న సంగతి తెలిసినప్పుడు వాతావరణానికి ఎల్లలు లేవన్న మాట అనుభవంలోకి వస్తుంది. నైరోబీ–జొహానెస్‌బర్గ్ దారి మాత్రం దీనికి దక్షిణాన ఉంది.

రెండు విమానాశ్రయాలూ పీఠభూములపై ఉండడం ఈ దారికున్న మరో విశేషం. నైరోబీ ఎత్తు 1,624 మీటర్లు, జొహానెస్‌బర్గ్ 1,694 మీటర్లు. ఆ ఎత్తున గాలి సాంద్రత సముద్రమట్టం కంటే సుమారు 15 శాతం తక్కువ. రెక్కలకు అదే ఉత్థాపక బలం రావాలంటే విమానం 8 శాతం ఎక్కువ వేగం అందుకోవాలి. ఇంజన్ల బలమేమో పలచని గాలిలో తగ్గుతుంది. రెండూ కలిసి నేల మీది పరుగును పొడిగిస్తాయి. నైరోబీ రన్‌వే 4,100 మీటర్లు, జొహానెస్‌బర్గ్ పెద్ద రన్‌వే 4,400 మీటర్లు దాటడం ఈ అవసరం కోసమే. మిట్టమధ్యాహ్నపు ఎండలో గాలి మరింత పలచబడుతుంది. భారీ విమానాల దూరప్రయాణాలను రాత్రివేళకు పెట్టడం వెనుక ఉన్న కారణాలలో అదొకటి.

ఇక అంశాలన్నీ ఒకచోట చేర్చి ఉదాహరణగా ఒక లెక్క కడదాం. యాన దూరం 2,980 కిలోమీటర్లు అనుకుందాం. పైకెక్కడానికి 22 నిమిషాలు, ఆ లోపల గడిచేది 240 కిలోమీటర్లు. దిగడానికి 25 నిమిషాలు, 230 కిలోమీటర్లు. మిగిలిన 2,510 కిలోమీటర్లు 855లోంచి ఎదురుగాలి 15 పోగా 840 వేగంతో 179 నిమిషాలు. గగన కాలం 226 నిమిషాలు, అంటే మూడు గంటల నలభై ఆరు. విమానం రెండు చోట్లా నేల మీద నడిచేందుకు 24 నిమిషాలు కలిపితే బ్లాక్ కాలం నాలుగు గంటల పది నిమిషాలు. కేవలం 2,911ని వేగంతో భాగించి మూడున్నర గంటల లోపే అనుకున్నవారు ఎక్కడ పొరబడ్డారో ఇప్పుడు స్పష్టం.

భూభ్రమణం గురించి ఒక అపోహ చదువుకున్నవారిలో కూడా ఉంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కనుక విమానం గాలిలో ఉండగా గమ్యం దానంతటది దగ్గరకో దూరంగానో జరుగుతుందని వారి ఊహ. భూమధ్యరేఖ మీది నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతున్న మాట నిజం. జొహానెస్‌బర్గ్ వద్ద ఆ వేగం 1,500. కానీ నేలతో పాటు గాలీ, గాలిలో విమానమూ తిరుగుతున్నాయి. పరుగెత్తే రైలుపెట్టెలో ఎగిరే ఈగ వెనుక గోడకు కొట్టుకోదు కదా. భ్రమణ ప్రభావం వేరే రూపంలో, అతి సూక్ష్మంగా ఉంటుంది. కోరియోలిస్ ప్రభావం దక్షిణార్ధగోళంలో విమానాన్ని ఎడమకు మళ్లించబోతుంది. జొహానెస్‌బర్గ్ అక్షాంశంలో దానిని సరిదిద్దడానికి రెక్క డిగ్రీలో పదో వంతు కూడా వంగనక్కర లేదు. కాలంపై దాని ప్రభావం శూన్యమనే చెప్పాలి.

భ్రమణం నిజంగా తికమక పెట్టేది గడియారాలను. నైరోబీ గడియారం సార్వత్రిక సమయానికి మూడు గంటలు ముందు, జొహానెస్‌బర్గ్ రెండు గంటలు. ఉదయం 8 గంటలకు నైరోబీలో బయలుదేరిన విమానం జొహానెస్‌బర్గ్‌లో 11 గంటల 10 నిమిషాలకు చేరినట్లు పట్టిక చూపుతుంది; తిరుగు విమానానికి అంతే కాలం పట్టినా మధ్యాహ్నం 12కు బయలుదేరి సాయంత్రం 5 గంటల 10 నిమిషాలకు చేరినట్లు చూపుతుంది. గాలి వల్లనో భూభ్రమణం వల్లనో రెండు గంటలు తేడా వచ్చిందని భ్రమపడకూడదు. పట్టికలోని వేళలు రెండూ స్థానిక సమయాలు; ఒకదాన్ని మరొకదాని సమయంలోకి మార్చుకున్న తరువాతే తీసివేత చేయాలి.

ఇంత సాధించడానికి మనిషికి ఎంతకాలం పట్టిందో కూడా తెలుసుకోదగినదే. 1932లో బ్రిటిష్ విమానసంస్థ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కేప్‌టౌన్‌కు ఖండం నిలువునా వేసిన దారి కైరో, ఖార్టూమ్, నైరోబీ, జొహానెస్‌బర్గ్‌ల గుండా పోయేది. విమానాలు పగలు ఎగిరి రాత్రి మజిలీ చేసేవి. మొత్తానికి పదకొండు రోజులు. ఇరవై ఏళ్లు తిరిగాక, 1952 మే 2న, ప్రపంచంలో మొట్టమొదటి జెట్ ప్రయాణికుల సర్వీసు లండన్‌లో మొదలైంది. కామెట్ అనే ఆ విమానం రోమ్, బేరూత్, ఖార్టూమ్, ఎంటెబ్బే, లివింగ్‌స్టన్‌లలో ఆగుతూ ఇరవై నాలుగు గంటల లోపే జొహానెస్‌బర్గ్‌లో దిగింది. లండన్ నుంచి జొహానెస్‌బర్గ్‌కు దూరం రెండు సార్లూ అదే, మారింది కాలమే.

చదివి వదిలేయకుండా ఈ లెక్కను పాఠకులు తమ చేతులతో ఒకసారి చేసి చూడాలని కోరుతున్నాను. ముందు గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుని దాని దారి చూడండి. తరువాత కాగితం తీసుకోండి. హైదరాబాదులోని శంషాబాద్ విమానాశ్రయం 17 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల 26 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఆడిస్ అబాబాలోని బోలే విమానాశ్రయం 8 డిగ్రీల 59 నిమిషాల ఉత్తర అక్షాంశం, 38 డిగ్రీల 48 నిమిషాల తూర్పు రేఖాంశం మీద ఉంది. పైన చెప్పిన సూత్రాన్నే వాడండి. జవాబు 4,380 కిలోమీటర్ల దగ్గరికి రావాలి.